రుజువు చూపిన మనుషులు
బ్రిటన్ ఉద్యోగరంగంలో జాతివివక్షకు ఎదురు నిలిచిన చరిత్ర

"ఓర్చుకున్నమ్మకు తేటనీరు" అని మన సామెత. బ్రిటన్‌కు తొలినాళ్ళలో వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఈ మాట వినకుండా పెరిగిన పిల్లలు అరుదు. ఆసుపత్రిలో రావలసిన పదోన్నతి వేరొకరికి పోయినా, కార్యాలయంలో తమ పేరును వంకరగా పలికి నవ్వినా, తల వంచుకొని పని చేసుకొమ్మనీ, పని బాగుంటే ఏనాటికైనా గుర్తింపు వస్తుందనీ పెద్దలు చెప్పేవారు. ఆ సలహాను పిరికితనమనుకోవడం అన్యాయం. ఉద్యోగం, ఉండడానికి అనుమతి, తలదాచుకునే ఇల్లు, ఊళ్ళో తల్లిదండ్రులకు పంపవలసిన డబ్బు అన్నీ ఒక్క పై అధికారి ఇచ్చే యోగ్యతాపత్రం మీద ఆధారపడి ఉన్న రోజులవి. ఓర్పు తప్ప మరొక సాధనం వారి చేతికి అందలేదు.

అయితే అదే దేశంలో, అదే కాలంలో మరికొందరు ఇంకొక దారి వెతికారు. బావినీరు దానంతట అది తేటపడే వరకు వారు ఆగలేదు. దిగి పూడిక తీశారు. నేడు మన పిల్లలు ఈ దేశంలో ఒక ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్నప్పుడు వారి వెనుక నిలబడే చట్టాలు ఆ పూడికతీత వల్ల వచ్చినవే. వాటిని ఎవరూ దయతలచి ఇవ్వలేదు. ఈ వార్షికోత్సవ సంచికలో ఆ కథను యువతరం ముందుంచాలని నా ప్రయత్నం.

ఆ చరిత్ర మొత్తంలో మళ్ళీ మళ్ళీ కనిపించే సూత్రం ఒకటుంది. ఉద్యోగంలో చూపే వివక్ష తన పేరు తాను చెప్పుకోదు. "ఖాళీలు లేవు", "అనుభవం చాలదు", "మా బృందంలో ఇమడరేమో" అనే మర్యాదమాటల చాటున నిలుచుంటుంది. అందువల్ల దానిని ఎదిరించదలచినవారు ముందుగా దానిని నలుగురి కళ్ళకూ కనిపించేలా చేయవలసి వచ్చింది. అన్నివిధాలా సమానులైన ఇద్దరిని పక్కపక్కన నిలిపి, ఒకరికి తెరుచుకున్న తలుపు మరొకరికి ఎందుకు మూసుకుపోయిందని అడగడమే వారు కనిపెట్టిన పద్ధతి. వైద్యంలో మేము రోగలక్షణాన్ని నమ్ముతాము గాని, పరీక్ష చేయనిదే నిర్ధారణకు రాము. వివక్ష విషయంలో ఆ పరీక్షను కనిపెట్టినవారిలో ఎక్కువమంది సామాన్యులు.

బ్రిస్టల్, 1963

1960ల ఆరంభంలో బ్రిటన్‌లో చర్మపు రంగు కారణంగా ఉద్యోగం నిరాకరించడం నేరం కాదు. బ్రిస్టల్ నగరపు బస్సు సంస్థ నల్లవారిని, ఆసియావారిని బస్సు సిబ్బందిగా తీసుకునేది కాదు. వర్క్‌షాపులోను, క్యాంటీనులోను వారికి పని దొరికేది గాని, కండక్టరుగానో డ్రైవరుగానో బస్సెక్కే అవకాశం లేదు. దీనికి యాజమాన్యాన్ని మాత్రమే నిందించి ప్రయోజనం లేదు. అక్కడి కార్మిక సంఘపు విభాగం కూడా 1955లోనే, తెల్లవారు కానివారిని బస్సు సిబ్బందిగా తీసుకోరాదని తీర్మానించుకొని ఉంది. శ్రామికులకు అండగా నిలవవలసిన సంఘమే తలుపుకు అడ్డంగా నిలబడిందన్నమాట.

ఈ సంగతి ఊరందరికీ తెలుసు; నిరూపించడమే కష్టం. 1963 ఏప్రిల్‌లో పాల్ స్టీఫెన్సన్ అనే యువజన కార్యకర్త ఒక చిన్న పరీక్ష చేశాడు. సంస్థకు ఫోను చేసి ఖాళీలున్నాయా అని అడిగాడు, ఉన్నాయన్నారు. గై బెయిలీ అనే పద్దెనిమిదేళ్ళ యువకుడికి ఇంటర్వ్యూ ఖాయమైంది. జమైకాలో పుట్టిన బెయిలీ రాత్రిబడిలో చదువుకుంటున్నవాడు, అర్హతలలో ఏ లోపమూ లేనివాడు. అతడు వెస్టిండీస్ మూలాలవాడని తెలిసిన మరుక్షణం ఇంటర్వ్యూ రద్దయింది. ఖాళీ, అర్హత, అభ్యర్థి అన్నీ అవే. మారినది అభ్యర్థి రంగు గురించి యాజమాన్యానికి తెలిసిన ఒక్క ముక్క.

ఆ రుజువు చేతికి వచ్చాక రాయ్ హాకెట్, ఓవెన్ హెన్రీ వంటి స్థానిక వెస్టిండియన్లు స్టీఫెన్సన్‌తో కలిసి బస్సుల బహిష్కరణకు పిలుపునిచ్చారు. విశ్వవిద్యాలయ విద్యార్థులు ఊరేగింపు తీశారు. అప్పటి ట్రినిడాడ్ అండ్ టొబాగో హైకమిషనరూ, పూర్వపు క్రికెట్ వీరుడూ అయిన లియరీ కాన్‌స్టంటైన్ బాహాటంగా మద్దతు పలికాడు. నాలుగు నెలల తరువాత, 1963 ఆగస్టు 28న, యాజమాన్యం దిగివచ్చింది. వాషింగ్టన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ తన సుప్రసిద్ధ ప్రసంగం చేసినది కూడా ఆనాడే. సెప్టెంబరు నెలలో ఆ నగరంలో కండక్టరుగా విధుల్లో చేరిన తొలి తెల్లేతర వ్యక్తి పేరు రఘ్‌బీర్ సింగ్. వెస్టిండియన్లు ఆరంభించిన పోరాటపు తొలి ఫలం ఒక భారతీయుడి చేతికి అందింది. ఆ సంగతిని మనం గుర్తుంచుకోవలసి ఉంది. ఒక జాతివారి కోసమే తెరిచిన తలుపు గుండా ఇతరులూ లోపలికి వస్తారు.

చట్టంలో మిగిలిన కంత

1965లో బ్రిటిష్ పార్లమెంటు తొలి రేస్ రిలేషన్స్ చట్టాన్ని చేసింది. హోటళ్ళు, సినిమాహాళ్ళు, ప్రజారవాణా వంటి బహిరంగ ప్రదేశాలకు అది వర్తించింది. ఉద్యోగాలను, ఇళ్ళను మాత్రం వదిలివేసింది. ఈ రెండింటిలోనూ వివక్ష అంతగా లేదనీ, ఉన్నా చట్టంతో పని లేదనీ వాదించినవారు ఆనాడు తక్కువేమీ కాదు.

ఆ వాదానికి జవాబు మళ్ళీ ఒక పరీక్ష రూపంలోనే వచ్చింది. 1967లో పొలిటికల్ అండ్ ఎకనామిక్ ప్లానింగ్ అనే పరిశోధనసంస్థ ఒక నివేదిక ప్రచురించింది. ఒకే రకమైన అర్హతలు గల ముగ్గురిని ఒకే యజమాని దగ్గరకు వేర్వేరుగా పంపారు. ఒకరు ఆంగ్లేయుడు, ఒకరు హంగరీ దేశం నుండి వచ్చిన తెల్లవాడు, మరొకరు వెస్టిండీస్ లేదా ఆసియా మూలాలవాడు. హంగరీ వ్యక్తిని ఎందుకు చేర్చారో గ్రహిస్తే ఆ పరిశోధకుల నేర్పు అర్థమవుతుంది. వలస వచ్చినవాడు కనుక తీసుకోలేదనో, యాస వేరు కనుక తీసుకోలేదనో యజమాని తప్పించుకోవచ్చు. హంగరీ వ్యక్తీ వలస వచ్చినవాడే. అతడి యాసా వేరే. అయినా అతడికి దక్కిన ఆదరణ మూడవ వ్యక్తికి దక్కలేదు. అంటే అడ్డు వచ్చినది పరాయితనం కాదు, రంగు. సందేహాలను ఒక్కొక్కటిగా తొలగించుకుంటూ పోయి చివరికి మిగిలినదానిని వేలెత్తి చూపే ఈ తీరు ఏ ప్రయోగశాలకూ తీసిపోదు.

మరుసటి ఏడు, 1968లో, వచ్చిన రెండవ చట్టం ఉద్యోగాలకూ ఇళ్ళకూ వర్తించింది. కాని అందులోనూ ఒక కంత మిగిలింది. అన్యాయానికి గురైన మనిషి తానుగా న్యాయస్థానానికి వెళ్ళలేడు. రేస్ రిలేషన్స్ బోర్డుకు ఫిర్యాదు చేసుకొని, ఆ బోర్డు కదిలేవరకు ఎదురుచూడవలసిందే. గొంతు బాధితుడిది, తాళంచెవి వేరొకరిది.

కర్మాగారాల దశాబ్దం

1970లలో ఈ కథ మిడ్‌లాండ్స్ కర్మాగారాలకు మారింది. లఫ్‌బరోలోని మాన్స్‌ఫీల్డ్ హోజియరీ మిల్లులో భారతీయ కార్మికులు 1972లో సమ్మెకు దిగారు. ఎక్కువ జీతం వచ్చే అల్లిక యంత్రాల పనులకు తమను ఎదగనివ్వడం లేదన్నది వారి ప్రధాన ఫిర్యాదు. ఎవరు ఏ యంత్రం ముందు నిలబడ్డారో, ఎవరి చేతికి ఎంత జీతం వస్తున్నదో చూస్తే చాలు, మిల్లులోని హద్దుగీత కనబడుతుంది. వారి సొంత కార్మిక సంఘం వారిని మనస్ఫూర్తిగా సమర్థించలేదు.

1974 మే నెలలో లెస్టర్‌లోని ఇంపీరియల్ టైప్‌రైటర్స్ కర్మాగారంలో 39 మంది ఆసియా కార్మికులు పని ఆపి బయటికి నడిచారు. క్రమంగా వందలమంది వారితో కలిశారు. వారిలో చాలామంది ఇడీ అమీన్ తరిమివేయగా ఉగాండా నుండి వచ్చినవారు. 168 టైప్‌రైటర్లు దాటితే రావలసిన బోనసును 200 దాటితే గాని ఇవ్వడం లేదన్నది వారి ఆరోపణ. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టగలగడమే ఆ సమ్మెకు పునాది. మూడు నెలలు గడిచినా సంఘం దానిని అధికారిక సమ్మెగా గుర్తించలేదు. మరుసటి ఏడు కర్మాగారమే మూతపడింది.

1976 ఆగస్టులో, ఆ సంవత్సరపు మండువేసవిలో, వాయవ్య లండన్‌లోని గ్రన్‌విక్ ఫొటో ప్రాసెసింగ్ సంస్థ నుండి జయాబెన్ దేశాయ్ అనే గుజరాతీ మహిళ బయటికి నడిచింది. చెప్పీచెప్పకుండా నెత్తిన రుద్దే అదనపు గంటలు, అవమానకరమైన పర్యవేక్షణ ఆమెను కదిలించాయి. కార్మిక సంఘంలో చేరిన సమ్మెదారులను యాజమాన్యం తొలగించింది. చీరకట్టుతో, చలికోటు వేసుకొని గేటు ముందు నిలుచున్న ఆ చిన్నపాటి మనిషి చిత్రం దేశమంతటా పత్రికలకెక్కింది. గనికార్మికులు మొదలుకొని వేలాదిమంది తెల్లజాతి శ్రామికులు ఆమె పక్షాన వచ్చి నిలిచారు. స్థానిక తపాలా ఉద్యోగులు ఆ సంస్థ ఉత్తరాలను ముట్టలేదు. లార్డ్ స్కార్మన్ విచారణ సంఘం సమ్మెదారులను తిరిగి తీసుకోవాలని సిఫారసు చేసింది. యాజమాన్యం ఒప్పుకోలేదు. 1978 జూలైలో, రెండేళ్ళు నిండవచ్చే వేళకు, సమ్మె ఓటమితో ముగిసింది.

ఓడిన పోరాటాలను చరిత్రలో ఎందుకు లెక్కించాలని యువతరం అడగవచ్చు. బ్రిస్టల్‌లో ఒక కార్మిక సంఘపు విభాగం తెల్లేతరులకు అడ్డం నిలిచింది. మాన్స్‌ఫీల్డ్‌లో, లెస్టర్‌లో సంఘాలు ముఖం చాటేశాయి. గ్రన్‌విక్‌లో వేలాదిమంది సంఘసభ్యులు ఆసియా మహిళల కోసం రోడ్డు మీదికి వచ్చారు. ఈ దూరం పదిహేనేళ్ళలో నడిచినది. గేటు ముందు పోయినది సమ్మె మాత్రమే. శ్రామికోద్యమపు మనస్సులో వచ్చిన మార్పు నిలిచింది.

1976 నవంబరులోనే మూడవ రేస్ రిలేషన్స్ చట్టం వచ్చింది. మునుపటి కంతను అది పూడ్చింది. బాధితుడు తానే నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చు. అందరికీ ఒకేలా కనిపించే నియమం కూడా ఆచరణలో ఒక జాతివారిని అకారణంగా దెబ్బతీస్తే అది పరోక్ష వివక్ష అవుతుందని ఆ చట్టం గుర్తించింది. ఫిర్యాదు చేసినందుకు కక్ష సాధించడాన్ని ప్రత్యేక తప్పుగా నిషేధించింది. యజమానికి లాంఛనంగా ప్రశ్నలు పంపి జవాబులు కోరే వీలు కల్పించింది. పోల్చి చూడడానికి కావలసిన వివరాలు సాధారణంగా యజమాని బీరువాలోనే ఉంటాయి. ఆ బీరువా తలుపు తట్టే హక్కు అప్పుడు దక్కింది.

తెల్లకోటు మాటున

మన సమాజంలో వైద్యుల సంఖ్య ఎక్కువ గనుక ఆ రంగపు చరిత్రను కొంత వివరంగా చెప్పడం సమంజసం. గుంటూరు, విశాఖపట్నం, కాకినాడ, హైదరాబాదు కళాశాలల్లో చదివిన ఎందరో యువ వైద్యులు 1960, 70 దశకాలలో బ్రిటన్‌కు వచ్చారు. 1948లో నెలకొన్న జాతీయ ఆరోగ్య సేవ వారిపై ఎంతగా ఆధారపడిందో సౌత్ వేల్స్ గనుల లోయలను, ఉత్తర ఇంగ్లండు పారిశ్రామిక పట్టణాలను అడిగితే చెబుతాయి. అక్కడివారు వెళ్ళడానికి ఇష్టపడని ఊళ్ళు, ఎన్నుకోవడానికి ఇష్టపడని విభాగాలు వీరి వాటాకు వచ్చాయి. శస్త్రచికిత్సలో శిక్షణ కోసం వచ్చినవారు వృద్ధుల వైద్యంలోనో, మానసిక వైద్యంలోనో స్థిరపడవలసి రావడం ఆ తరానికి సర్వసాధారణం. ఆ విభాగాలను వారు తమ శ్రమతో నిలబెట్టారన్నది వేరే గౌరవం. 1975లో జనరల్ మెడికల్ కౌన్సిల్ భారతీయ వైద్యపట్టాలకు ఇచ్చిన పూర్తి గుర్తింపును ఉపసంహరించుకొని ప్రవేశపరీక్షను పెట్టింది.

బయటినుండి వచ్చినవారి పట్టా వేరు గనుక ఇలా జరిగిందని సమాధానం చెప్పుకోవచ్చు. మరి ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లల సంగతి ఏమిటి? ఆ ప్రశ్నకు లండన్‌లోని సెయింట్ జార్జెస్ వైద్యకళాశాల ఉదంతం జవాబు చెప్పింది. దరఖాస్తుల వడపోత కోసం ఆ కళాశాల ఒక కంప్యూటర్ ప్రోగ్రామును తయారు చేసుకొని, 1982 నాటికి తొలి ఎంపికను దానికే అప్పగించింది. దాని ఫలితాలు మానవ ఎంపికసంఘం నిర్ణయాలతో నూటికి 90 నుండి 95 పాళ్ళు సరిపోయాయి. అందుకు అందరూ సంతోషించారు. అసలు సమస్య అక్కడే ఉంది. మనుషుల అలవాట్లను నేర్చుకున్న యంత్రం వారి పక్షపాతాన్నీ నేర్చుకుంది. తెల్లవారిది కాని పేరుకూ, స్త్రీ అయినందుకూ మార్కులు తగ్గించింది. అక్కడి అధ్యాపకులైన జో కాలియర్, ఏగ్రీ బర్క్ లండన్ వైద్యకళాశాలల విద్యార్థుల పేర్లను పోల్చి అధ్యయనం చేసి, 1986 డిసెంబరులో సంగతిని జాతిసమానత్వ కమిషన్ దృష్టికి తెచ్చారు. ఏటా 60 మంది దాకా ఈ కారణంగా ఇంటర్వ్యూ కోల్పోయి ఉండవచ్చునని 1988లో కమిషన్ తేల్చింది. లండన్‌లోని పెక్కు కళాశాలల కంటే సెయింట్ జార్జెస్‌లోనే తెల్లేతర విద్యార్థుల శాతం ఎక్కువగా ఉండేదన్నది ఇక్కడ ఆలోచింపదగిన విషయం. అక్కడ యంత్రం ఉంది గనుక పక్షపాతానికి లిఖితపూర్వకమైన ఆనవాలు దొరికింది. మిగతాచోట్ల అది మనుషుల మనస్సుల్లోనే ఉండిపోయింది. ఉద్యోగ దరఖాస్తులను యంత్రాలే చదువుతున్న ఈ రోజుల్లో, సాంకేతిక రంగంలో ఉన్న మన పిల్లలు ఈ ఉదంతాన్ని ప్రత్యేకంగా చదవాలి.

మరో అయిదేళ్ళకు, 1993లో, అనీస్ ఇస్మాయిల్, సామ్ ఎవరింగ్టన్ అనే ఇద్దరు వైద్యులు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక చిన్న వ్యాసం ప్రచురించారు. అందరూ బ్రిటన్‌లోనే చదివినట్లు, ఒకే స్థాయి అనుభవం ఉన్నట్లు కల్పిత వైద్యుల దరఖాస్తులు తయారుచేశారు. సగం పేర్లు ఆంగ్లం, సగం ఆసియావి. 23 ఉద్యోగ ప్రకటనలకు వాటిని పంపారు. ఆసియా పేరు గలవారి కంటే ఆంగ్ల పేరు గలవారికి ఇంటర్వ్యూ పిలుపు వచ్చే అవకాశం రెట్టింపుగా తేలింది. బ్రిస్టల్‌లో స్టీఫెన్సన్ చేసిన ఫోనుకు, ఈ దరఖాస్తులకు మధ్య ముప్ఫై ఏళ్ళు గడిచాయి. పద్ధతి మాత్రం అదే. పరిశోధన మధ్యలో ఉండగా, మోసపు దరఖాస్తులు పెట్టారన్న ఆరోపణపై పోలీసులు ఆ ఇద్దరినీ అరెస్టు చేశారు. ఆ కేసు నిలవలేదు, వ్యాసం నిలిచింది. 1997లో వారు మళ్ళీ పరీక్షించినప్పుడు కూడా తేడా మాసిపోలేదు.

న్యాయస్థానం నేర్చుకున్న పాఠం

పరిశోధకుడు ఇరవై దరఖాస్తులు పంపగలడు. ఉద్యోగం కోల్పోయిన మనిషికి ఉన్నది ఒక్క జీవితం, ఒక్క దరఖాస్తు. అతడు దేనితో నిరూపించాలి? ఈ చిక్కుముడిని విప్పినది 1991లో ఇంగ్లండు అప్పీలు న్యాయస్థానం ఇచ్చిన ఒక తీర్పు. బ్రిటన్, చైనా దేశాల మధ్య అవగాహన పెంచడానికి పనిచేసే గ్రేట్ బ్రిటన్–చైనా సెంటర్‌లో ఉద్యోగానికి, బ్రిటన్‌లో చదువుకున్న చైనా మూలాల మహిళ ఒకరు దరఖాస్తు పెట్టుకుంది. ఇంటర్వ్యూకు పిలుపు రాలేదు. పిలుపు వచ్చిన అందరూ తెల్లవారే. చైనా మూలాలవారిని ఆ సంస్థ అంతవరకు ఉద్యోగంలోకి తీసుకున్న దాఖలా లేదు. వివక్ష చూపామని ఒప్పుకునేవారు అరుదనీ, చూపుతున్నట్లు తమకు తామే ఒప్పుకోనివారూ ఉంటారనీ న్యాయమూర్తులు గుర్తించారు. అందువల్ల నిరూపితమైన వాస్తవాల నుండి వివక్షను ఊహించవచ్చుననీ, యజమాని సంతృప్తికరమైన సంజాయిషీ ఇవ్వలేకపోతే ఆ ఊహకే బలం వస్తుందనీ చెప్పారు. 2003లో ఈ ఆలోచన చట్టరూపం ధరించింది. బాధితుడు ప్రాథమికమైన ఆధారం చూపితే, వివక్ష లేదని నిరూపించే భారం యజమానిపై పడుతుంది. ఆనాటి చట్టాలన్నింటినీ కలిపి 2010లో వచ్చిన ఈక్వాలిటీ చట్టంలోనూ ఇదే నిలిచింది.

హక్కు ఉన్నా దారి మూసుకుపోవచ్చు. 2013లో ట్రిబ్యునల్‌కు వెళ్ళడానికి ప్రభుత్వం రుసుములు విధించింది. యూనిసన్ అనే కార్మిక సంఘం నాలుగేళ్ళు పోరాడి, కేసుల సంఖ్య ఎంతగా పడిపోయిందో అంకెలతో చూపి, 2017లో సుప్రీంకోర్టు చేత ఆ రుసుములను కొట్టివేయించింది. ఆ తీర్పు వల్ల సంఘసభ్యులతో పాటు ఏ సంఘంలోనూ లేని ఉద్యోగి కూడా బాగుపడ్డాడు.

భారతీయ మూలాల వైద్యుల సంఘమైన బాపియో గెలిచిన కేసూ ఉంది, ఓడిన కేసూ ఉంది. విదేశాలలో చదివిన వైద్యులను శిక్షణ ఉద్యోగాల నుండి పక్కకు నెట్టే ఆరోగ్యశాఖ మార్గదర్శకం చట్టవిరుద్ధమని 2008 ఏప్రిల్‌లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు చెప్పింది. అప్పటికే కొలువు కోల్పోయి తిరిగి వెళ్ళిపోయినవారికి ఆ తీర్పు ఆలస్యంగా వచ్చింది. జనరల్ ప్రాక్టీసు వైద్యుల ప్రాయోగిక పరీక్షలో తెల్లేతరులు ఎక్కువగా తప్పుతున్నారని వేసిన కేసులో మాత్రం 2014లో హైకోర్టు పరీక్ష చట్టబద్ధమేనన్నది. అయినా తేడాను తగ్గించే చర్యలు చేపట్టవలసిన బాధ్యత కళాశాలకు ఉందని న్యాయమూర్తి గుర్తుచేశారు. ఫలితాల్లో తేడా ఉన్నంత మాత్రాన వివక్ష రుజువైనట్లు కాదన్న సంగతిని ఈ కేసు నుండి మనం నిజాయితీగా నేర్చుకోవాలి.

2019లో జనరల్ మెడికల్ కౌన్సిల్ కోరికపై వెలువడిన ఒక నివేదిక మరొక లోతైన కోణాన్ని చూపింది. తెల్లవారితో పోలిస్తే మైనారిటీ జాతుల వైద్యులపై యజమానులు కౌన్సిల్‌కు చేసే ఫిర్యాదులు రెట్టింపుకు పైగా ఉన్నాయి. బ్రిటన్‌లో చదివినవారితో పోలిస్తే విదేశాలలో చదివినవారిపై రెండున్నర రెట్లు. కారణాలు వెదికితే ఎక్కువగా బయటపడినది మౌనం. వేరే జాతి సహోద్యోగికి అతడి పనిలో లోపాన్ని సకాలంలో, స్పష్టంగా చెప్పడానికి పై అధికారులు జంకుతున్నారు. లోపం ముదిరాక నేరుగా ఫిర్యాదుకు పోతున్నారు. తిట్టడం ఒక్కటే వివక్ష అనుకునేవారికి ఈ మౌనం కనబడదు.

మన ఇంటి గడప

ఇంతవరకు చెప్పినదంతా ఇతరులు మనపట్ల చేసినది. చరిత్ర మనల్నీ ఒక ప్రశ్న అడుగుతుంది. భారతీయ యజమానుల ఇంట్లో ఏళ్ళ తరబడి చాకిరీ చేసిన ఒక భారతీయ మహిళ వేసిన కేసులో, కులం కూడా కొన్ని సందర్భాలలో జాతిమూలాల కిందికి రావచ్చునని 2014 డిసెంబరులో ఎంప్లాయ్‌మెంట్ అప్పీల్ ట్రిబ్యునల్ తీర్పు చెప్పింది. మరుసటి ఏడు ఆమె గెలిచింది. పేరును బట్టి మనిషిని తూచవద్దని యజమానిని అడిగే మనం, ఇంటిపేరును బట్టి మనిషిని తూచకుండా ఉంటేనే ఆ అడగడంలో బలం ఉంటుంది. దేవుని ముంగిట అందరూ సమానమని రోజూ చెప్పుకునే చోట ఈ మాట చెప్పడానికి సంకోచించనవసరం లేదు.

చరిత్ర నుండి చేతికి వచ్చేది

ఈ అరవై ఏళ్ళ అనుభవం నుండి నేటి యువతీయువకులు తీసుకోదగినవి కొన్ని ఉన్నాయి.

జరిగినదానిని జరిగిన రోజే రాసిపెట్టుకోండి: తేదీ, చోటు, అన్న మాటలు అన్నవి అన్నట్లుగా, పక్కన ఎవరున్నారు అన్నది. మూడేళ్ళ తరువాతి జ్ఞాపకం కంటే ఆనాటి నాలుగు వాక్యాలు బలమైనవి. రోగుల వివరాలు, సంస్థ రహస్యాలు అందులో చేరకుండా జాగ్రత్తపడండి. పోల్చదగిన మనిషి ఎవరో ఆలోచించండి. మీతో సమానమైన అర్హత, అనుభవం గల మరొకరి పట్ల అదే అధికారి ఎలా ప్రవర్తించారన్నదే కేసుకు వెన్నెముక. కారణాలను మర్యాదగా, రాతపూర్వకంగా అడగండి. 1976 చట్టపు లాంఛనమైన ప్రశ్నపత్రం పద్ధతి 2014లో రద్దయింది గాని, ప్రశ్న అడగడం ఎన్నడూ రద్దు కాలేదు. కాలపరిమితిని మరువకండి. 1976 చట్టం మూడు నెలల గడువే ఇచ్చింది. ఇలాంటి గడువులు పార్లమెంటు మార్చగలిగినవి గనుక, సంఘటన జరిగిన వారంలోనే నేటి నిబంధన ఏమిటో కార్మిక సంఘాన్నో, ప్రభుత్వ మధ్యవర్తిత్వ సంస్థ అయిన ఏకాస్‌నో అడిగి తెలుసుకోండి. కష్టం వచ్చాక సంఘంలో చేరడం కంటే ముందే చేరి ఉండడం మేలు.

ప్రతి కటువైన మాటా కేసు కాదు. కొన్నింటికి అక్కడికక్కడే చెప్పే ఒక్క వాక్యం చాలు. కొన్నింటిని వదిలివేయడంలో మన ప్రశాంతతకు లాభం ఉంది. పోరాడిన ప్రతివారూ గెలవలేదని ఈ వ్యాసమే చెబుతున్నది. ఏది పట్టాలి, ఏది విడవాలన్న నిర్ణయం బాధ పడిన మనిషిదే. ఓర్చుకున్నవారిని చిన్నచూపు చూసే హక్కు ఎవరికీ లేదు. అయితే ఓర్పు మనం ఎంచుకున్నదిగా ఉండాలి. వేరే దారి తెలియక మిగిలినదిగా ఉండకూడదు.

చివరిగా, పక్కన నిలబడేవారి మాట. గై బెయిలీ ఒక్కడే ఉండి ఉంటే ఆ రద్దయిన ఇంటర్వ్యూతోనే కథ ముగిసేది. అతడి తరఫున ఫోను చేసినవాడు ఒకడు, ఊరేగింపులో నడిచినవారు వందలమంది. ఇస్మాయిల్ పక్కన ఎవరింగ్టన్ అనే ఆంగ్లేయుడు అరెస్టయ్యాడు. మన దేవాలయ ప్రాంగణంలో న్యాయవాదులున్నారు, వైద్యులున్నారు, ఉద్యోగుల ఎంపిక చేసే అధికారులున్నారు, కార్మిక సంఘాలలో పనిచేసినవారున్నారు. ఆదివారం ప్రసాదాల వేళ ఒక అమ్మాయి తన కార్యాలయంలో జరిగినది మెల్లగా చెప్పబోతే, "పోనీలే అమ్మా, ఎక్కడైనా ఉండేదే" అని మాట మార్చకుండా, "ఎప్పుడు జరిగింది, రాసిపెట్టావా, అప్పుడు పక్కన ఎవరున్నారు?" అని అడగగల పెద్దలు ఇక్కడ ఒక పదిమంది ఉంటే చాలు.